కళ్ళం అంచున విప్పిన బూట్లు

పోయిన మంగళవారం వాకిట్లో మినుములు ఎండబోసుకుని, అరుగు మీద కూర్చుని కాకుల్ని అదిలిస్తున్నాను. తెనాలిలో ఇల్లు కట్టుకుని ఇన్నేళ్ళయినా, నందివెలుగు పొలం నుంచి వచ్చే మినుములు నా చేత్తో నేను ఎండబెట్టుకుంటే తప్ప నాకు తృప్తి ఉండదు. మిగిలిన పట్టింపులన్నీ మోకాళ్ళతోపాటే అరిగిపోయాయి. గేటు దగ్గర ఒక పిల్ల ఆగింది. ఇరవై దాటి ఉంటాయేమో. పొట్టి జుట్టు, భుజాన సంచీ, కాళ్ళకి ఆటగాళ్ళ బూట్లు. "అనసూయ మామ్మగారి ఇల్లు ఇదేనాండీ?" అంది. ఇదే, రమ్మన్నాను. ఒక అడుగు లోపలికి వేసి మినుముల వైపు చూసింది. చూసి, వెనక్కి జరిగి, గేటు బయటే గొంతుక్కూర్చుని రెండు బూట్ల తాళ్ళూ విప్పింది. మిట్టమధ్యాహ్నం, సిమెంటు వాకిలి పెనంలా కాలుతోంది. "వేసుకునే రామ్మా, కాళ్ళు బొబ్బలెక్కుతాయి" అని కేకేశాను. "పర్లేదండీ, అలవాటే" అంటూ గోడ వారగా, గింజకి మూరెడు దూరంలో, వట్టి కాళ్ళతో నడిచొచ్చింది. గింజల్ని చూసి అలా కూర్చుని బూట్ల తాళ్ళు విప్పిన మనిషిని నా జీవితంలో మరొక్కదాన్నే చూశాను. పేరు చెప్పకముందే ఈ పిల్ల ఎవరి మనిషో నాకు తెలిసిపోయింది.

"మీరాబీ మనవరాలినండీ. కూతురి కూతుర్ని. ఆయేషా అంటారు. రేపల్లె నుంచి వచ్చాను" అంది. అమ్మమ్మ ఎలా ఉందని అడగబోయి ఆ పిల్ల మొహం చూసి ఆగాను. "అమ్మమ్మ పోయి నెల దాటిందండీ. వచ్చే శుక్రవారం నలభయ్యో రోజు ఫాతిహా. తెనాలిలో అనసూయకి కబురు పెట్టకుండా చెయ్యొద్దని పోయేముందు అమ్మతో చెప్పిందట. అందుకే పిలవడానికి వచ్చాను" అంది. మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి, వంటింట్లో కుండ ముందు నిలబడి, దేనికొచ్చానో మరిచిపోయాను.

మీరాబీ వాళ్ళ నాన్న దస్తగిరి నందివెలుగులో పరుపులు కుట్టేవాడు. నేను బాబాయి అని పిలిచేదాన్ని. ఎండలు ముదరకముందే మా నాయనమ్మ ఇంట్లో పరుపులన్నీ దొడ్లోకి వేయించేది. ఆయన విల్లు భుజాన వేసుకుని వచ్చి, పాతదూది తీసి ఏకుతుంటే, టంయ్ టంయ్ మని ఆ నారి మోత వీధి చివరిదాకా వినిపించేది. మధ్యాహ్నానికి దొడ్డంతా దూదిపింజలు. ఆయన కనురెప్పల మీదా, మీసాల మీదా, పక్కన కూర్చుని గుడ్డ పట్టుకున్న మీరాబీ జడల మీదా తెల్లగా పేరుకునేవి. నాయనమ్మ ఆ వేళప్పుడు మజ్జిగ చిలికి వెన్న తీసి, అల్లమూ కరివేపాకూ దంచి కలిపిన మజ్జిగ రెండు గ్లాసులతో పంపేది. కొత్తగా ఏకిన దూది వాసనా, పిడకల దాలిలో కాగే పాల వాసనా కలిసి వచ్చే ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ ముక్కుకి తగులుతుంటాయి. మిగిలిన బూరుగు దూదితో దస్తగిరి బాబాయి మాకో బంతి కుట్టి ఇచ్చాడు. పరుపు గుడ్డ, నీలం చారలు, కొబ్బరికాయంత. మా ఫుట్‌బాలు చదువుకి అదే ఓనమాలు.

ఆడడానికి చోటే లేదు. మా డెల్టాలో భూమి ఊరికే పడుకోదు. వరి కోయకముందే చేలో మినుములు చల్లేస్తారు, కోత అయ్యేసరికి కింద మొలకలు లేచి ఉంటాయి. ఖాళీగా మిగిలేది ఒక్క కళ్ళం. నూర్పిళ్ళ ముందు నేల చదును చేసి, నీళ్ళు చల్లి, ఎడ్ల చేత తొక్కించి, పేడతో అలికేవాళ్ళు. ధాన్యం ఇంటికి చేరాక వానలు పడేదాకా అది గచ్చులా ఉండేది. అటు గడ్డివామి, ఇటు కుడితి తొట్టి, మధ్యలో గోలు. నిండా ముప్ఫై అడుగులు లేని జాగాలో బంతిని బాదితే పోయి కాలవలో పడుతుంది. అందుకని మెల్లగా, దగ్గరగా, కాలి నుంచి కాలికి అందించుకోవాలి. మీరాబీకి ఆ విద్య అక్కడే అబ్బింది. ఎటు నుంచి వచ్చిన బంతినైనా అరికాలి కింద అలా ఆపేది, చంటిపిల్లని జోకొట్టినట్టు. తల ఎత్తి ఒక్కసారి చూసేది. మరుక్షణం బంతి నా కాలి ముందు ఉండేది. నేను కొట్టడమే తరువాయి.

మేం ఆడడం మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు మీరాబీ చెప్పులతో కళ్ళంలోకి వచ్చింది. నాయనమ్మ అక్కడే చీపురుకట్టతో నెర్రెల్లో ఇరుక్కున్న గింజలు ఏరుకుంటోంది. ఏడాది పొడుగునా ఆవిడకి అదో పని. వంద బస్తాలు గాదెలో ఉన్నా కళ్ళంలో మిగిలిన గుప్పెడు గింజల కోసం నడుం వంచేది. లేచి వచ్చి మీరాబీ చెవి మెలిపెట్టింది. "ఏమే, అన్నం పెట్టే చోటు తొక్కుకుంటూ వస్తావా? విప్పు ముందు!" పిల్ల బిక్కచచ్చి, "గింజల్లేవుగా మామ్మగారూ" అంది. "గింజ ఉన్నా లేకపోయినా కళ్ళం కళ్ళమే. గింజ కనబడ్డ చోటల్లా కళ్ళమే. గుర్తుపెట్టుకో" అని ఇంకో మెలిక తిప్పింది. ఆనాడు మా ఇద్దరి కాళ్ళకీ చెప్పులున్నాయి. మెలిక మాత్రం ఒక్క చెవికే పడింది. నేను చల్లగా నా చెప్పులు వెనక్కి తన్నేసి నవ్వుతూ నిలబడ్డాను. ఆ చెవి ఎర్రగా కందడం నాకు బాగా గుర్తు.

తెనాలిలో మా ఆడపిల్లల హైస్కూలుకి కొత్తగా వచ్చిన డ్రిల్లు టీచరుగారు మొదటిసారి తోలు బంతి మా మధ్య పెట్టినప్పుడు, మిగతా పిల్లలు దాన్ని చూసి ఓణీలు సర్దుకుని వెనక్కి జరిగారు. మేమిద్దరం పరికిణీలు ఎగదోపి ముందుకి వెళ్ళాం. పదిహేను రోజుల్లో టీమంటూ ఒకటి తయారైంది. టీచరుగారు మీరాబీని మధ్యలో నిలబెట్టారు. "నువ్వు హాఫ్. వెనకవాళ్ళ దగ్గర తీసుకుని ముందువాళ్ళకి ఇవ్వాలి" అన్నారు. అది దానికి కొత్తగా నేర్పవలసిన సంగతి కాదు. ఊళ్ళో పేరు నాది. బంతి వలలో పడ్డప్పుడు చప్పట్లు కొడతారు గానీ, అది అక్కడిదాకా ఎవరి కాలి మీదుగా వచ్చిందో ఎవరు చూస్తారు? ఒకసారి నేనే అడిగాను, "నువ్వెప్పుడూ కొట్టవేంటే?" అని. "నువ్వున్నావుగా" అంది.

ఆ సంవత్సరమే రాష్ట్రం టీముకి అమ్మాయిల్ని ఎంచుతారని, బాపట్లలో ఆడించి చూస్తారని తెలిసింది. మీరాబీకి ఆ కబురు వచ్చిన రోజు నుంచీ నిద్ర లేదు. అందులో నెగ్గకపోతే దానికి చదువు మాన్పించి రేపల్లె సంబంధం ఖాయం చేస్తారు. టీములో పేరు వస్తే రెండేళ్ళు ఆగుతానని దస్తగిరి బాబాయి మాటిచ్చాడు. ఆయనే మాకు మోకాళ్ళ దాకా నిక్కర్లు కుట్టాడు, పరుపు గుడ్డతోనే. బూట్లు లేనివాళ్ళని ఆడనివ్వరని టీచరుగారు పక్క కాలేజీ మగపిల్లల దగ్గర రెండు జతలు అరువు తెచ్చారు. నావి సరిపోయాయి. మీరాబీవి రెండంగుళాలు పెద్దవి. బాబాయి ముందు భాగంలో దూది కూరి, "ఇప్పుడు చూసుకోమ్మా" అన్నాడు. నడిచి చూసి, "నేల తెలియట్లేదు నాన్నా" అంది. మొదటిసారి దాని గొంతులో భయం విన్నాను.

బాపట్ల మైదానం చూసి నోరెళ్ళబెట్టాం. మా కళ్ళాలు ఓ పాతిక పడతాయి. అంతకు ముందు వారం అకాల వాన పడి కుప్పలు తడిశాయి. కర్లపాలెం వైపు రైతులెవరో తడిసిన ధాన్యం తెచ్చి మైదానం తూర్పు అంచున బారుగా ఎండబోశారు. గాలికీ, కాకులకీ చెదిరి గింజలు గీత లోపలిదాకా వచ్చాయి. మా ఊళ్ళలో ఇది వింతేమీ కాదు. ధాన్యం తడిస్తే బడీ, రోడ్డూ, గుడీ అన్నీ కళ్ళాలే. పట్నం నుంచి వచ్చిన అమ్మాయిలు మా నీలం చారల నిక్కర్లు చూసి, ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడి, నవ్వారు. "పరుపులు నడిచొస్తున్నాయి" అని ఒకతె అనడం నాకు వినబడింది. మీరాబీకీ వినబడి ఉంటుంది. అది మాత్రం నవ్వుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ క్షణం నుంచి నా ఊరు, నా ఇల్లు, పక్కనున్న ఈ పిల్ల, అన్నీ దాచుకోవలసినవిగా తోచాయి.

మొదటి సగంలో మీరాబీ పడమటి వైపు ఆడింది. పెద్ద బూట్లతో అవస్థ పడుతూనే పర్లేదనిపించింది. రెండో సగంలో వైపులు మారాయి. బంతి తూర్పు అంచుకి వెళ్ళింది, అది వెనకే పరిగెత్తింది. గింజలు కనబడగానే ఆగిపోయింది. అందరూ చూస్తుండగా గొంతుక్కూర్చుని, తాళ్ళు విప్పి, బూట్లు రెండూ గీత అవతల పక్కపక్కన పెట్టి, లేచింది. ఆ తరువాతి పది నిమిషాలు దాని జీవితంలో అది ఆడిన అసలైన ఆట. అరికాలికి నేల దొరికింది. ముగ్గురి మధ్య నుంచి, సందు ఎక్కడుందో ఎవరికీ తెలియకముందే, బంతి నాకు వచ్చేది. రెండు గోల్స్ కొట్టాను. ఈల వేసే ఆయన ఆట ఆపి బూట్లు తొడుక్కోమన్నాడు. తొడుక్కుంది. మళ్ళీ బంతి తూర్పుకి వెళ్ళింది, మళ్ళీ విప్పింది. మూడోసారి ఆయన దాన్ని బయటికి పంపేశాడు. ఏ గొడవా పెట్టుకోకుండా కుళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటూ నిలబడింది.

ఇంకో సంగతి కూడా రాయాలి, రాయకపోతే ఇదంతా ఎందుకు? నేనూ అదే గింజల మీద ఆడాను. బూట్లతోనే. కాలి కింద ధాన్యం కరకరలాడడం నాకు వినిపించింది. మా నాయనమ్మ మనవరాలిని నేను. చెవి మెలిక తిన్నది అది.

ఆట అయ్యాక బల్ల వెనక కూర్చున్న పెద్దాయన నన్ను పిలిచారు. మంచివారిలాగే ఉన్నారు. "ఆ అమ్మాయి మీ ఊరేనా? ఆట చాలా బాగుంది. మరి బూట్లు ఎందుకు విప్పుతోంది? నీకు తెలుసా?" అని అడిగారు. కాగితం మీద కలం పట్టుకుని నా జవాబు కోసం ఆగారు. అక్కడ గింజలున్నాయండీ, మా వైపు గింజల మీద చెప్పులతో నడవమండీ, ఇది మా నాయనమ్మ నేర్పిందండీ అంటే సరిపోయేది. మూడు ముక్కలు. ఆ పట్నం పిల్లలు నా పక్కనే చెవులు రిక్కించుకుని నిలబడి ఉన్నారు. "తెలీదండి" అన్నాను. అక్కడితో ఊరుకున్నానా? ఆయన ఇంకా నా వైపే చూస్తుంటే, "అప్పుడప్పుడూ అలాగే చేస్తుందండి" అని కూడా అన్నాను. ఆయన నిట్టూర్చి, కాగితం మీద ఒక అడ్డగీత గీశారు. సిగ్గుపడి అలా అన్నానని ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గు నిజమే. కానీ తెనాలి వైపు నుంచి ఇద్దరిని తీసుకుంటారో, ఒక్కరినే తీసుకుంటారో అన్న లెక్క కూడా ఆ క్షణంలో నా మనసులో మెదిలింది. దాన్ని ఈ వయసులో గానీ ఒప్పుకోలేకపోయాను.

తిరుగు పాసింజర్లో మీరాబీ కిటికీ పక్కన కూర్చుని, నిడుబ్రోలు దాటేదాకా బూట్లలోంచి దూది పీకుతూ ఉంది. తరువాత, "నిన్ను పిలిచి ఏమడిగారే?" అంది. "ఎందుకు విప్పావని అడిగారు. చెప్పాను. ఎంతో చెప్పాను. వినలేదు" అన్నాను. ఒక అబద్ధానికి కాపలా ఇంకో అబద్ధం. అది నా చెయ్యి పట్టుకుంది. "పోనీలేవే. నాకోసం అంతమందిలో నోరు విప్పావు, అది చాలు" అని, వాళ్ళమ్మ కట్టిచ్చిన పొట్లంలో మిగిలిన జామకాయ కొరికి పెద్ద ముక్క నాకిచ్చింది. తిన్నాను. గొంతు దిగింది కూడా, ఆశ్చర్యమేమిటంటే.

ఇంటికొచ్చాక నాయనమ్మ అంతా విని, "గింజలు చూసి విప్పిందా! దానికున్న బుద్ధి..." అని మురిసిపోయి, "నువ్వూ విప్పావుగా?" అంది. విప్పానన్నాను. ఆవిడ నా తల నిమిరింది. వారం తిరక్కుండా నా పేరు వచ్చింది. రెండేళ్ళు రాష్ట్రానికి ఆడాను. రైళ్ళలో ఎన్ని ఊళ్ళు తిరిగానో. ఆ ఆట పుణ్యమాని ఉద్యోగమూ వచ్చింది. అయితే ఆ టీములో నాకు ఎవరూ బంతి అలా అందించలేదు. గోల్స్ తగ్గిపోయాయి, బలం తగ్గిందన్నారు, శ్రద్ధ లేదన్నారు. కారణం నాకొక్కదానికే తెలుసు. మీరాబీ ఆ వేసవిలోనే రేపల్లె వెళ్ళిపోయింది, దర్జీ ఇంటి కోడలిగా. చాలా ఏళ్ళ తరువాత రేపల్లె పక్కనే నగరం అనే ఊళ్ళో ఏదో పెళ్ళికి వెళ్తూ, దారిలో దిగి వాళ్ళింటికి వెళ్ళాను. కుట్టుమిషను మీద నుంచి లేచి, చుట్టుపక్కలవాళ్ళందర్నీ పిలిచి, "ఇదుగో, మా అనసూయ. నాకోసం పెద్దపెద్దోళ్ళతో పోట్లాడింది" అని చూపించింది. వాళ్ళంతా నా వైపు గౌరవంగా చూశారు. మళ్ళీ నేను ఆ గుమ్మం తొక్కలేదు. ఉత్తరాలకి జవాబు రాయడం కూడా మానేశాను. ఎందుకు మానేశావని మీరాబీ ఏనాడూ అడగలేదు.

నీళ్ళ గ్లాసు తీసుకుని అరుగు మీదికి వచ్చేసరికి ఆయేషా కాకుల్ని తోలుతోంది. ఏం చేస్తున్నావని అడిగాను. బెంగుళూరులో ఒక క్లబ్బుకి జీతం మీద ఫుట్‌బాలు ఆడుతోందట. "మిడ్‌ఫీల్డర్‌నండీ" అంది. గోల్స్ కొడతావా అంటే, "తక్కువండీ. ఇస్తాను" అంది. ఆటలో ఎవరు ఎవరికి ఎన్నిసార్లు బంతి అందించారో ఇప్పుడు కంప్యూటర్లలో ఎక్కిస్తారట. మోకాలు నొప్పంటే చూడడానికి ఒక మనిషి, కాలి కొలత తీసి బూట్లు ఇవ్వడానికి ఇంకో మనిషి. ఆట ఎవరు నేర్పారంటే అమ్మమ్మేనంది. రేపల్లెలో డాబా మీద, చెప్పుల్లేకుండా, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని. వింటుంటే నాకు ఆ పిల్ల మీద అసూయ కలగలేదు గానీ, ఆ డాబా మీద అసూయ కలిగింది. "మరి నువ్వెందుకు ఆడలేదు అమ్మమ్మా అంటే, బాపట్లలో బూట్లు విప్పాననీ, మీరు ఎంత చెప్పినా వాళ్ళు వినలేదనీ అనేది. ఎందుకు విప్పావంటే, గింజలున్నాయిగా అనేది. నన్నూ విప్పమనేది. గింజలుంటే ఏంటండీ? మీకు తెలుసా?" అంది.

అదే ప్రశ్న. బల్ల లేదు, కలం లేదు, నవ్వేవాళ్ళు లేరు. "తెలుసమ్మా" అన్నాను. కళ్ళం, చెవి మెలిక, గింజల మీద పరిగెత్తిన నా బూట్లు, తెలీదండి అన్న మాట, దాని వెనకే వచ్చిన రెండో మాట, రైల్లో చెప్పిన అబద్ధం, అన్నీ వరసగా చెప్పాను. ఏడుపు వచ్చింది. ఆ పిల్ల ఓదార్చలేదు. మినుముల వైపే చూస్తూ, "మీరు చెప్పుంటే తీసుకునేవాళ్ళా?" అంది.

"ఏమోనమ్మా. బాగా ఆడిందనే అన్నాడాయన. అడిగాడు కూడా."

"అమ్మమ్మకి ఎప్పుడైనా చెప్పారా?"

"లేదు."

లేచి నిలబడింది. పొడుగ్గా, నిటారుగా. "శుక్రవారం రమ్మంటావా ఇంకా?" అని అడిగాను. "అమ్మమ్మ పిలవమంది. పిలిచాను. రావడం మీ ఇష్టం, మామ్మగారూ" అంది. వచ్చిన దారినే, గోడ వారగా, గింజకి మూరెడు దూరంలో వట్టి కాళ్ళతో నడిచి, గేటు దాటాక కూర్చుని బూట్లు తొడుక్కుంది. వెనక్కి చూడలేదు.

రేపు శుక్రవారం. పొద్దున్న రేపల్లె పాసింజరుకి వెళ్తాను. ఆ పిల్ల ఇంట్లో చెప్పిందో లేదో నాకు తెలియదు. వాళ్ళమ్మమ్మ పోలికే అయితే చెప్పి ఉండదు. అలాగైతే మీరాబీ కూతురు గుమ్మంలోకి ఎదురొచ్చి, మా అమ్మ కోసం పోట్లాడిన మనిషి అని, నలుగురిలో నాకు దండం పెడుతుంది. ఆ చేతులు జోడించకముందే నేను నోరు విప్పాలి.